కళ్ల తనిఖీ

"మందను తోలుకొని గుట్టెక్కుత బాపూ. పొద్దుగూకినంక దిగొస్త," అన్నాడు బక్కయ్య, గొంగడి భుజాన వేసుకుంటూ.

కురుమయ్య గడపకు అడ్డంగా నిలబడ్డాడు. "తప్పు చేసినోడు గుట్టెక్కాలె. నీకెందుకురా? ఇప్పుడు పోతె గుట్టల్ల దాక్కున్న ఆ సంఘం పోరగాండ్లల్ల నిన్నూ కలుపుతరు. నడువ్, పోలీసోళ్ల ముందర నిలబడు. నీకేం తెల్వదని వాళ్లే తెలుసుకుంటరు."

"నిజంగనే నాకేం తెల్వది గద."

"అందుకే నడువుమంటున్న."

చావడి ముందు ఊళ్లోని పడుచువాళ్లు పన్నెండు మంది వరుసగా నిలబడి ఉన్నారు. చుట్టూ తుపాకులు. పక్క ఊళ్లో ఇలాగే వరుసలో నిలబెట్టి, చదువొచ్చిన ముగ్గురిని వాగులో కాల్చి పడేసి మూడు రోజులే అయింది. రాత్రిబడి గుడిసె చూరులో దొరికిన తెలుగు పేపర్ల కట్ట పోలీసు అమీన్ చేతిలో ఉంది. పటేలు, పట్వారీ నెల కిందటే పట్నం చేరిపోయారు. ఊరి తరఫున మాట్లాడే దిక్కు లేదు.

కురుమయ్య కొడుకు రెక్క పట్టి తీసుకొచ్చి వరుస చివర నిలబెట్టాడు.

పక్కనున్న భిక్షపతి పెదవి కదిలీ కదలనట్టు అన్నాడు. "నువ్వే తోలుకొచ్చినవా మామా?"

"మావోడు నీ లెక్క పేపరు పురుగు కాదురా. వానికేం ఫికర్?"

భిక్షపతి ఆ రాత్రిబడి గుడిసెలో నలుగురినీ పోగేసి పేపరు చదివి వినిపించేవాడు. "చైనాల లడాయైతె మన గొర్లకు గడ్డి ఎక్కువ మొలుస్తదా?" అని కురుమయ్య ఎన్నోసార్లు వెక్కిరించాడు. కొడుకు ఆ గుమ్మం తొక్కకుండా కాపలా కాశాడు. సంతలో బెల్లం కట్టి ఇచ్చిన కాగితాన్ని కూడా ఇంట్లో ఉండనిచ్చేవాడు కాదు, పొయ్యిలో వేసేవాడు. లోకం సంగతి తెలియనివాడిని లోకం ముట్టదని అతని నమ్మకం.

అమీన్ కట్టలోంచి ఒక పేపరు తీసి విప్పాడు. "ఇది ఎవరు చదువుతరు? ముందుకు రావాలె."

అమీన్ వరుసను ఒకసారి కలియజూశాడు.

"అచ్ఛా. నోరు అబద్ధం చెప్తది, కన్ను చెప్పది. అక్షరం వచ్చినోని కన్ను బెల్లం చూసిన చీమ. ఆగుమన్నా ఆగది."

ఆ మాటతో కురుమయ్య మనసు నిమ్మళించింది. ఇంతకంటే న్యాయమైన పరీక్ష ఇంకేముంటుంది?

అమీన్ ఒక్కొక్కరి ముఖానికి జానెడు దూరంలో పేపరు పట్టి, కళ్లలోకి చూస్తూ నడిచాడు. మొదటివాడి చూపు కాగితం దాటి గాలిలో నిలిచిపోయింది. రెండోవాడు మొద్దుగా రెప్ప వాల్చాడు. భిక్షపతి పెదవి ఒక్కసారి అదిరింది కానీ కళ్లు రాయిలా ఉన్నాయి.

తర్వాత బక్కయ్య.

వాడు పుట్టినప్పటి నుంచి పేపరును అంత దగ్గరగా చూడలేదు. పొయ్యిలో అది వంకర్లు తిరిగి నల్లబడటమే చూశాడు. ఇప్పుడు అది వాడి ముఖం ముందుకు వచ్చింది. చూడవద్దని చెప్పేవాళ్లు లేరు. వాడి కళ్లు ఒక మూల మొదలుపెట్టి, వరుస వెంట మెల్లగా పోయి, చివర మళ్లి, కింది వరుసకు దిగాయి. ఆ చూపు కురుమయ్యకు తెలుసు. తప్పిపోయిన గొర్రె అడుగుల కోసం వాగు ఇసుకలో వెతికేటప్పుడు వాడు అలాగే చూస్తాడు.

"దొరికిండు," అన్నాడు అమీన్ మెల్లగా.

"కాదు దొరా. వానికి ఓనమాలు గూడ రావు. నేనే రానియ్యలే. నీ కాల్మొక్కుత."

"రాకపోతే ఇంతసేపు ఏం చూసిండు?"

కురుమయ్య నోరు తెరిచాడు. అతని కళ్లు భిక్షపతి మీద పడ్డాయి. 'చదివేటోడు వీడు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఎందుకు ఆగిందో అతనికే తెలియలేదు. దయ కావచ్చు. గోడ పక్కన భిక్షపతి తల్లి నోట్లో కొంగు కుక్కుకొని నిలబడటం కావచ్చు. ఆ క్షణం దాటిపోయింది.

పోలీసుల లారీ ఎక్కుతూ బక్కయ్య వెనక్కి తిరిగాడు. వాడి ముఖంలో భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "గొర్లకు నీళ్లు పెట్టలే బాపూ," అన్నాడు.

లారీ వాగు అవతల ఆగింది. తుపాకి రెండుసార్లు పేలింది. లారీ మళ్లీ కదిలింది.

మధ్యాహ్నానికి నలుగురు వాడిని గొంగడిలో మోసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు. కురుమయ్య కొడుకు రెప్పలు మూసి, చెయ్యి అక్కడే ఉంచి కూర్చున్నాడు. భిక్షపతి వచ్చి అతని కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నా పేరు చెప్పకపోతివి మామా."

"చెప్తె వీడు బతుకుతుండెనా? నువ్వు గూడ పోతుంటివి."

"మేం చెప్తె బతుకుతుండె." భిక్షపతి తల ఎత్తలేదు. "ఒక్క మాటతోని బతుకుతుండె. ఆ వరుసల చదువొచ్చినోళ్లం ఏడుగురం ఉన్నం. అందరికీ తెలుసు. ఆ మాట అన్నోనికి చదువొచ్చని బయటపడతది. అందుకే ఎవ్వలం నోరిప్పలే."

కురుమయ్య అర్థం కానట్టు చూశాడు. "ఏం మాటరా?"

"అమీనుకు తెలుగు చదువ రాదు మామా. మొదటోని కాడి నుంచి మన బక్కయ్య దాక, ఆ పేపరును తలకిందులుగ పట్టుకున్నడు."