కుళాయి గది

గాలిలోంచి నీళ్లు పిండే యంత్రం ఇంటింటికీ వచ్చాక ఓబులమ్మకు గడప దాటే పనే లేకుండా పోయింది. పలకరించే మనిషీ లేదు. మనవరాలు బలవంతాన అనంతపురం మ్యూజియానికి తీసుకొచ్చింది.

అక్కడొక గదిలో పాత వీధికుళాయి, దాని ముందు ప్లాస్టిక్ బిందెల వరుస. కావాలంటే నీళ్లు పట్టి చూడొచ్చట. ఓబులమ్మ పచ్చబిందె కుళాయి కింద పెట్టింది.

వెనకనుంచి ఓ చెయ్యి దాన్ని పక్కకు నెట్టింది.

"నేను ఎప్పుడో బిందె పెట్టినా మే. ఎనక్కి జరుగు."

ఒకప్పుడు పాత వీధిలో కుళాయి దగ్గర రోజూ తగవుపడిన ఖాదర్‌బీ.

"నువ్వు మారలే," అంటూ ఓబులమ్మ కొంగు దోపింది. ఇన్నేళ్లకు గొంతు లేచింది. ఇద్దరి పోట్లాటకు మ్యూజియం చూడొచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టారు.

వేళయిందని ఉద్యోగి కుళాయి కట్టేశాడు. ఇద్దరూ ఒక్కటై అతని మీదికి తిరిగారు.

"బిందె నిండనే లేదు. రేపు ఎన్ని గంటలకు నీళ్లు ఇడుస్తావో చెప్పి పో నాయనా."