తడివీ పొడివీ

"ఎండుచేప తడి ఎలా అవుద్దండీ?" అంది చేపలమ్మే పైడమ్మ.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ సూర్యనారాయణమూర్తి ఒక చేత్తో నీలం డబ్బా మూత, ఇంకో చేత్తో ముక్కు మీది రుమాలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. డబ్బా నిండా ఎండు మెత్తళ్ళు. ఇళ్ళవాళ్ళూ దుకాణాలవాళ్ళూ చెత్తను తడీ పొడీ వేరుచేసి తీరాలన్న రూలు ఆ పొద్దుటి నుంచే అమల్లోకి వచ్చింది. పది గంటలకి కమిషనర్ మేడమ్ తనిఖీకి వస్తున్నారు. చేపల మార్కెట్లో ఒక్క డబ్బా తప్పయినా మూర్తిగారికి మెమో తప్పదని ఆవిడ నిన్ననే చెప్పేశారు. అప్పటికి తొమ్మిదిన్నరయింది.

"నిన్న మైకులో చెప్పానా లేదా, పైడమ్మగారూ?"

"ఆయ్, చెప్పేరండి. తడివి ఆకుపచ్చ డబ్బాలో, పొడివి నీలం డబ్బాలో అన్నారండి. అలాగే వేసేనండి."

ఆయన చెప్పింది ఆ ముక్కే. మూర్తిగారు మర్యాదస్తులు. బోణీ బేరాల వేళ జనం చెవిన చెడ్డమాట ఒక్కటీ పడకూడదని, డబ్బాలు పంచి, ఆ రెండు ముక్కలూ చెప్పి, దణ్ణం పెట్టి దిగిపోయారు. మార్కెట్టంతా ఒక్క గొంతుతో ఆయ్ అంది. ఒక్కరు కూడా ఎదురు ప్రశ్న వేయలేదు. ఇంత బుద్ధిమంతులైన జనం దొరకడం తన అదృష్టమనుకున్నారాయన.

ఆకుపచ్చ డబ్బా మూత కూడా ఎత్తి చూశారు. చేపలు, ఐసుముక్కలు. తడి. అది సరిగ్గానే ఉంది. తరతరాలుగా వేదం చెప్పుకునే ఇంట్లో పుట్టిన ఆయనకి చేపను ఇంత దగ్గరగా చూడడం ఇదే మొదటిసారి. రెండోసారి చూడాలన్న సరదా లేదు. గబుక్కున మూత వేసేశారు.

"తడి అంటే ముట్టుకుంటే చేతికి తడి తగిలేదని కాదండి," అన్నారు ఓపిగ్గా. "పాడయ్యేవన్నీ తడే. పాడవ్వనివి పొడి."

"ఇవి పాడవ్వవు కదండీ. నాలుగెండలు ఎండినయ్యి. వానలొచ్చేదాకా ఇలాగే ఉంటాయండి."

"ఎండినా చేప చేపేనండి. తీసి ఆకుపచ్చలో వేసేయండి."

"పచ్చివాటిమీద పోస్తే రెండూ పాడైపోతాయండి."

"పాడవ్వాలనే కదండీ నేనింతగా చెబుతున్నాను."

పైడమ్మ నీలం డబ్బాని కాస్త తన వైపు లాక్కుంది.

"పాడైపోయినవి ఎవరు తీసుకెళ్తారండీ?"

"మేమే తీసుకెళ్తాం. ఇవాళ్టి నుంచి రోజూ మధ్యాహ్నం ట్రాక్టర్ వస్తుంది."

"మొత్తమంతానాండీ?"

"ఎంతుంటే అంత."

"అంతా ఏం చేసుకుంటారండీ?"

"ఎరువు చేసి రాయవరం పొలాలకి పంపిస్తామండి."

పైడమ్మ మొహంలో జాలిలాంటిదేదో కనబడింది. ఎవరిమీదో ఆయనకి అర్థం కాలేదు.

"అలా అనకండి బాబుగారూ. ఓడలరేవు నుంచి తెచ్చి, పొద్దున్నే కూచుని ఒక్కొక్కటీ ఏరి వేసేనండి."

మూర్తిగారి మనసు చివుక్కుమంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత శ్రద్ధగా చెత్త ఏరిన మనిషిని ఆయన చూడలేదు. కానీ గోడ గడియారం పది నిమిషాలు తక్కువ పది చూపిస్తోంది. మెమో కళ్ళముందు ఆడింది.

"మీ కష్టం నాకు తెలుసండి. అయినా రూలు రూలే. కాదంటే మార్కెట్లో మీకిచ్చిన ఈ స్థలం రద్దు చేస్తారు. అది నా చేతిలో లేదు."

స్థలం అనేసరికి పైడమ్మ లేచింది. నీలం డబ్బా ఎత్తి, మొహం పక్కకి తిప్పుకుని, మెత్తళ్ళన్నీ ఆకుపచ్చ డబ్బాలో బోర్లించింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"మరి ఇందులో ఏం వేయమంటారండీ?"

"కవర్లుంటే వేయండి."

ఆమె మేకుకి వేలాడుతున్న కవర్ల కట్ట ఊడబీకి నీలం డబ్బాలో పడేసింది. తళతళలాడుతున్నాయి. కడిగి ఆరబెట్టి మరీ దాచినట్టుంది, ఎంత మంచి మనిషి అనుకున్నారు మూర్తిగారు. తొందరపడి గదమాయించినందుకు సిగ్గుపడ్డారు కూడా.

సరిగ్గా పదింటికి కమిషనర్ మేడమ్ వచ్చారు. తిన్నగా పైడమ్మ దగ్గరే ఆగి, ఆకుపచ్చ డబ్బా మూత తీసి, వంగి, వాసన చూశారు.

"మూర్తిగారూ, కంపే లేదే."

"మనవాళ్ళు చెప్తే వింటారండి," అన్నారు మూర్తిగారు, రుమాలు జేబులో పెట్టుకుంటూ.

మేడమ్ నీలం డబ్బా చూశారు. తల పంకించారు. ఫోటోలు తీయించారు. మెమో మాట ఎత్తకపోగా, సిఫార్సు రాస్తానన్నారు. మూర్తిగారికి ఒళ్ళు తేలికైంది. వెళ్ళబోతూ ఆవిడ పైడమ్మ భుజం తట్టారు.

"ఇంత శుభ్రమైన చెత్త నేనెక్కడా చూడలేదమ్మా."

"చెత్తేంటండీ," అంది పైడమ్మ. "ఇవి నేను అమ్ముకునే చేపలండి."

మేడమ్ మూర్తిగారి వైపు చూశారు. మూర్తిగారు డబ్బా వైపు చూశారు.

"మరి చెత్త ఏదమ్మా?" అన్నారు మేడమ్.

"చెత్తకి మూర్తిగారు ఇంకా డబ్బాలు ఇవ్వలేదండి," అంది పైడమ్మ వినయంగా. "ఇచ్చేదాకా మార్కెట్టంతా కాలవలోనే పోస్తున్నామండి, ఆయ్."