ముఖ్య అతిథి వచ్చేదాకా

“మా అత్తగారి బెల్టులు విప్పుతారా, విప్పరా?”

చెప్పులు గుమ్మంలోనే వదిలేసి, ఉత్త కాళ్ళతో మూడంతస్తులు దిగొచ్చిన టైలరమ్మ గేటు దగ్గర అధ్యక్షుడుగారిని నిలదీసింది. భూకంపాల నుంచి జనాన్ని కాపాడడానికే పుట్టిన స్వచ్ఛంద సంస్థ ఆయనది. మెడలో మూడు బ్యాడ్జీలు, వెనకాల ఆయన మొహమే నిండిన బ్యానరు.

“కాస్త ఓపిక పట్టమ్మా. ముఖ్య అతిథిగారు బయల్దేరారట. రాగానే సైరన్ కొడతాం. మా వాలంటీర్లు పైకెళ్ళి మీ అత్తగారిని స్ట్రెచర్ మీద దించుతారు. ఇవాళ్టి మాక్ డ్రిల్‌కి అదే హైలైటు!”

“గంటన్నరగా స్ట్రెచర్‌కి కట్టేసి పడుకోబెట్టారు! రెండేళ్ళుగా కాలు కింద పెట్టలేని మనిషి. బాత్రూంకి కూడా నేను ఎత్తుకుని తీసుకెళ్ళాల్సిందే. ఈలోగా నిజంగానే భూకంపం వస్తే?”

“అందుకేగా మేమున్నది!”

ఉన్నారు, ఎందుకు లేరు! నారింజ రంగు చొక్కాల్లో ఐదుగురు, చేతికో పూలగుత్తితో గేటు దగ్గర బారులు తీరి ఉన్నారు. స్ట్రెచర్ మెట్ల మలుపులో తిరుగుతుందో లేదో ఒక్కడూ చూసిన పాపాన పోలేదు గానీ, పూలగుత్తి ఎలా అందించాలో మాత్రం పొద్దుటి నుంచి నాలుగుసార్లు రిహార్సల్ వేశారు.

నేల కదిలింది.

ముందు బ్యానరు కూలింది. “అదేంటి, సైరన్ కొట్టలేదుగా?” అన్నాడొక వాలంటీరు అయోమయంగా. అప్పటికే అధ్యక్షుడుగారు రోడ్డు అవతల ఉన్నారు. పూలగుత్తులు పారేసి ఐదుగురూ ఆయన వెనకే లగెత్తారు.

“అత్తయ్యా!” అంటూ టైలరమ్మ లోపలికి ఉరికింది. మెట్ల మీంచి విరుచుకుపడుతున్న జనం ఆమెను బయటికి నెట్టేశారు. మళ్ళీ దూరింది, మళ్ళీ నెట్టేశారు. “మా అత్తగారు పైన ఉన్నారు, లేవలేరు, ఎవరైనా రండి బాబూ!” అని గుండెలు బాదుకుంది. ఎవరూ వెనక్కి తిరగలేదు.

కాసేపటికి ఊగడం ఆగింది. బిల్డింగు పడిపోలేదు. ఎవరి పుణ్యమో గానీ, ఈ సంస్థది మాత్రం కాదు.

సరిగ్గా అప్పుడే అతిథిగారి కారు వచ్చింది. అధ్యక్షుడుగారు చొక్కా దులుపుకుని ఎదురెళ్ళారు. “చూడండి సార్! రెండేళ్ళుగా మంచం దిగని పెద్దావిడ. మా కుర్రాళ్ళు ప్రాణాలకు తెగించి మూడో అంతస్తు నుంచి మోసుకొచ్చారు!”

టైలరమ్మ గిర్రున తిరిగింది. ఫుట్‌పాత్ మీద అత్తగారు! నడుముకి ఊడిన బెల్టు వేలాడుతుండగా, రొప్పుతూ కూర్చుని ఉంది. ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

“సిగ్గులేదూ? మీవాళ్ళు ఒక్క మెట్టయినా ఎక్కారా? నా కళ్ళముందే పారిపోయారు! అత్తయ్యా, మీరే చెప్పండి, మిమ్మల్ని దించిందెవరు?”

అత్తగారు అధ్యక్షుడి వైపు చూసింది. అధ్యక్షుడు అత్తగారి వైపు చూశాడు.

“వీళ్ళే తల్లీ, బంగారు తండ్రులు. పువ్వులా దించారు,” అంటూ అత్తగారు గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది.

అయినా కనబడనే కనబడ్డాయి, ఆవిడ కాళ్ళకి, పైన గుమ్మంలో కోడలు వదిలొచ్చిన చెప్పులు.