తీసేసిన తాళం

కోట తలుపు దగ్గర కంప్యూటర్ ఆట మళ్లీ బిగుసుకుపోయింది. పొద్దుటి నుంచి ఇది పదమూడోసారి. కొనేవాళ్లు అరగంటలో వస్తారు. ఆట నడవకపోతే రేపటి నుంచి ఆఫీసు తలుపులే తెరుచుకోవు.

"కంప్యూటర్ మెదడుకి ఒక్క కోర్ ఉన్న రోజుల్లో ఇరవై ఆటలు చేశాను," యజమాని బల్ల గుద్దాడు. "ఒక్కటీ ఇలా చావలేదు. ఇప్పుడు ఎనిమిది కోర్లు పెట్టుకుని ఏం బావుకున్నారు?"

"ఒక్క వంటవాడైతే గొడవ లేదు సార్," స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే అంది ప్రోగ్రామర్. "ఎనిమిదిమంది ఒకే గరిటె మీద చెయ్యి వేస్తే వంట ఆగిపోతుంది. అందుకే కోడ్‌లో తాళం పెట్టాను. ఒక కోర్ తలుపు తెరుస్తుంటే మిగతావి ఆగాలని..."

ఆమె వేళ్లు ఆగాయి.

"తాళం లేదు సార్. ఎవరో తీసేశారు."

అందరి కళ్లూ పక్క కుర్చీలో ఉన్న ఆమె భర్త మీదికి మళ్లాయి. ఆట వేగం పెంచే పని అతనిదే. తాళాల వల్లే ఆట నత్తనడక నడుస్తోందని నెలంతా సణిగిందీ అతనే.

"నేను ముట్టుకోలేదు," అన్నాడతను.

"దొంగ ఎప్పుడైనా ఒప్పుకుంటాడా?" అన్నాడు యజమాని. " శుక్రవారం శుక్రవారం నేను కూర్చుని మీ కోడ్‌లో చెత్త ఏరిపారేస్తుంటే, మీరు చేసే నిర్వాకం ఇదా? వాడెవడైనా సరే, అందరి ముందూ పేరు చదివించి ఈ గుమ్మం దాటిస్తాను."

ఆమె తాళం తిరిగి రాసింది. ఆట మొదలైంది. కోట తలుపు తెరుచుకుంది. సైనికులు బిలబిలమంటూ లోపలికి దూకారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఇప్పుడు పేరు," అన్నాడు యజమాని.

కోడ్‌లో ఏ మార్పు చేసినా ఎవరు చేశారో, ఎందుకు చేశారో నమోదవుతుంది. ఆమె ఆ చిట్టా తెరవబోయి ఆగింది.

"నిజం చెప్పు," భర్తతో గుసగుసగా అంది. "కొంప ముంచావా?"

"నువ్వూ నమ్మవన్నమాట." అతను అప్పటికే సంచి సర్దుకుంటున్నాడు.

"గట్టిగా చదవమ్మా. మొగుడని మింగెయ్యకు."

ఆమె కళ్లు సగం మూసుకుని నొక్కింది. చూసింది. మళ్లీ చూసింది. గొంతు సవరించుకుంది.

"'శుక్రవారం. పనికిరాని తాళం, తీసేశాను. మా రోజుల్లో ఇవి లేకుండానే ఆటలు నడిచాయి.' కింద పేరు మీదే సార్."