వెనక్కి చూడకుండా ఎక్కడికి

"ఆ పాట ఒక్కటీ పాడకురా ఎల్లాజీ. నీకు దండం పెడతాను."

బీచ్‌లో స్టేజీ వెనక గిటారు సవరించుకుంటున్న ఎల్లాజీ ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా తల్లి గంగాలమ్మ. నెత్తి మీద చేపల తట్ట అలాగే ఉంది. అమ్మకం సగంలో వదిలేసి జాలారిపేట నుంచి నడిచొచ్చింది. కొడుకు రాక్ బ్యాండ్ ప్రోగ్రాంకి ఆమె రావడం ఇదే మొదటిసారి.

"ఆ పాట కోసమే కదమ్మా ఇంతమంది వచ్చినారు. పాడకపోతే రాళ్లేత్తారు."

"ఏసుకోనీ. నువ్వది పాడితే మట్టుకు నాను ఇంటికి రాను. అంతే."

డ్రమ్ముల దగ్గర్నుంచి షహబాజ్ లేచి వచ్చాడు. "ఏటమ్మా అలాగంటావు? రాక్ అంటే ఒళ్లు మండిపోయే మా నాన్న కూడా వన్ టౌన్‌లో కొట్టు తెరవగానే అదే పెడతన్నాడు. దేవుడు మనిషిని అడిగే ప్రశ్నంట అది!"

అక్కడే ఉంది తమాషా. 'ఎక్కడికి, ఎక్కడికి, వెనక్కి చూడకుండా ఎక్కడికి' అని అడిగేది దేవుడని కొందరు, కాదు ఆత్మ అని కొందరు టీవీల్లో కొట్టుకున్నారు. ఒక స్వామీజీ అయితే దాని మీద గంటసేపు ప్రవచనమే చెప్పేశాడు. రాసిన ఎల్లాజీ మాత్రం ఏ ఇంటర్వ్యూలోనూ నోరు విప్పలేదు. తల దించుకుని కూర్చునేవాడు. జనం దాన్ని వినయం అనుకున్నారు, పాపం.

ఇప్పుడూ ఎల్లాజీ తల పైకి లేవలేదు. అమ్మకి తెలిసిపోయింది. తెలియక ఏం చేస్తుంది, ఊరంతా అదే పాడుతుంటే?

"నువ్వెల్లు బావా," అని షహబాజ్‌ని పంపేసి, తల్లి నెత్తి మీది తట్ట దించాడు. ఆమె కాళ్ల దగ్గర ఇసకలో కూలబడ్డాడు.

"కావాలని అడగలేదమ్మా. ఒట్టు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అయ్య ఏటకెల్తంటే మెలకువొచ్చీసింది. గుమ్మం దాటినాక ఎనక నుంచి అడిగీసినాను, ఎక్కడికయ్యా అని."

సముద్రం మీదికి చేపల వేటకెళ్లే మనిషిని ఎక్కడికని అడగకూడదు, అపశకునం. అందులోనూ వెనక నుంచి అసలు అడగకూడదు. జాలారిపేటలో పాలుతాగే పిల్లలకి తప్ప అందరికీ తెలిసిన సంగతే అది. ఆ రోజు తండ్రి ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. పడవ మళ్లీ ఒడ్డుకి రాలేదు.

"నానే సంపేసినానమ్మా అయ్యని. పాటలో పెడితే బరువు దిగుద్దనుకున్నాను. దిగలేదు. నువ్వు పాడొద్దంటే ఇంక పాడను."

స్టేజీ మీద యాంకర్ వాళ్ల పేరు పిలుస్తోంది. జనం ఈలలు వేస్తున్నారు. గంగాలమ్మ కొడుకు పక్కనే ఇసకలో చతికిలబడింది.

"నన్ను దెప్పడానికే ఆ పాట కట్టినావనుకున్నాన్రా," అంది. "అయితే... నువ్వు లేవకముందే నాను అదే మాట అడిగింది నీకు ఇనపళ్లేదా?"