ముందున్న బకెట్టు

తలుపు ఈరోజూ మూసే ఉంది. లోపల ఉన్నది అమ్మాసే.

వినోదిని ఒక చేత్తో కడుపు పట్టుకుని ఇంకో చేత్తో తలుపు తట్టింది.

చూలైలో ఆ వరుస ఇళ్లకి చివరన ఒకటే టాయిలెట్. తెల్లారేసరికి దాని ముందు బకెట్లు వరుసలో చేరతాయి. అన్నిటికంటే ముందు అమ్మాసి బకెట్టే. పెద్దపేగులో పుండ్లని డాక్టరు చెప్పినప్పటి నుంచి వినోదినికి వరుసలో నిలబడే ఓపిక లేదు. సంగతి కాలేజీలో చెప్పలేదు, ఇక్కడా చెప్పలేదు. రాత్రి మూలిగినా పక్క పోర్షన్‌లో అమ్మాసికి వినబడుతుందని దిండులో మొహం దాచుకునేది.

అమ్మాసి గొణుగుతూ బయటికొచ్చింది.

"నేను లోపల ఉండేటప్పుడే వస్తది నీకు. పో, పో."

నిండు బకెట్టు లోపలే వదిలేసింది, ఎప్పటిలాగే. వరుసలో వెనకున్న ధర్మలింగం తన వంతని గొంతు లేపాడు. అమ్మాసి అతని బట్టతలతో మొదలుపెట్టి వాళ్ల తాత దాకా వెళ్లింది. వినోదిని బయటికొచ్చేదాకా ఆ తగాదా తెగలేదు.

అమ్మాసి ఎవరికీ పడని మనిషి. ఎవరినీ గడప తొక్కనివ్వదు.

వినోదిని ఆఖరి పరీక్షకు ముందురోజు, అమ్మాసిని కూతురు వచ్చి ఎన్నూరు తీసుకుపోయింది. ఇక అక్కడే ఉంటుందట. ఆటోలోంచి వినోదినిని చూసి, "రేపటి నుంచి ఇంకా ముందే లేచి పోమా," అంది.

వినోదినికి ఒళ్లు మండింది. రేపన్నా తలుపు తెరిచి ఉంటుందిలే అనుకుంది.

మర్నాడూ తలుపు మూసే ఉంది.

"మామా, పరీక్ష ఉంది మామా."

"ఇప్పుడే కదమా వచ్చినా. రవ్వంత ఆగు," అన్నాడు ధర్మలింగం. లోపల అతని ఫోన్‌లో ఏదో వీడియో మోగుతోంది.

ఆగడం ఆమె చేతుల్లో లేకపోయింది. వరుసలో ఉన్నవాళ్లంతా చూశారు. పిల్లలు ముక్కు మూసుకున్నారు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, బస్సు పట్టుకుని వెళ్లేసరికి పరీక్ష హాలు తలుపులు కూడా మూసేశారు.

సాయంత్రం అంబత్తూరు నుంచి ఓనరమ్మ వచ్చింది. ఎవరికో అమ్మాసి పోర్షన్ చూపిస్తోంది. దుప్పటి ముసుగేసుకుని పడుకున్న వినోదినికి గోడ అవతలి మాటలు స్పష్టంగా వినిపించాయి.

"ఈ వరసలో దీనికొక్కదానికే లోపల కక్కసు ఉందిమా, అమ్మాసికి ఒకనాడన్నా బయటి టాయిలెట్‌తో పనుండలా."