చిటికెనవేలి గుంట

పెద్దావిడ చేతిలోంచి కుక్కర్ జారి బల్లమీద పడింది. మూత దొర్లుకుంటూ వెళ్లి గోడ దగ్గర ఆగింది.

"ఫరవాలేదమ్మా, మళ్లీ పట్టుకోండి," అంది డిజైనర్, గడియారం వైపు చూస్తూ.

ఆ డిజైన్ విభాగంలో ఆమె ఒక్కతే ఆడమనిషి. ఈ కుక్కర్ పిడి ఆమె మొదటి సొంత పని. పరీక్షకి వచ్చిన ఆడవాళ్లందరికీ పట్టు కుదిరితే అచ్చు సాయంత్రమే ఫ్యాక్టరీకి వెళ్తుంది. కుదరకపోతే, "ఆడపిల్లకి అప్పజెప్తే ఇంతే" అనడానికి పక్కగదిలో మగవాళ్లు కాచుక్కూర్చున్నారు.

పెద్దావిడ మళ్లీ పట్టుకుంది. కీళ్లు ఉబ్బిన వేళ్లు పూర్తిగా మూసుకోలేదు.

"బొటనవేలు అందట్లేదు తల్లీ. చివర ఈ గుంటెందుకు?"

"చిటికెనవేలికండీ. ఆడవాళ్లకి అది లోపలికి వంగి ఉంటుంది."

"అందరికీనా?"

డిజైనర్ అద్దాల బీరువాలోని ప్లాస్టర్ చెయ్యి చూపించింది.

"అదే మాకు ప్రమాణం. ముప్పయ్యేళ్లుగా పిడులన్నీ ఆ చేతిని చూసే చేస్తున్నాం."

డిజైనర్ చిటికెనవేలు మాత్రం ఆ గుంటలో ఏనాడూ ఇమడలేదు. లోపం తన చేతిదే అనుకుని ఆమె ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

పెద్దావిడ బీరువా ముందు చాలాసేపు నిలబడింది. తన చేతిని సంచీ చాటుకి లాక్కుంది.

"ఇంకెవరి చెయ్యీ కొలవలేదా?"

డిజైనర్‌కి చిర్రెత్తింది.

"మీ చెయ్యి మా కొలతకి సరిపోదండీ. లెక్కలోంచి తీసేస్తున్నాను. మీరు వెళ్లొచ్చు."

"అలాగే తల్లీ. నీ చెయ్యి జాగ్రత్త," అని పెద్దావిడ వెళ్లిపోయింది.

సాయంత్రం అచ్చుల మేస్త్రి ఫ్యాక్టరీ బండిని సాగనంపి వచ్చాడు. పక్కగదివాళ్లు అప్పటికే డిజైనర్‌ని మెచ్చుకుని వెళ్లారు. ఆమె బీరువా ముందు కూర్చుని ఉంది.

"మేస్త్రీ, అసలీ చెయ్యి ఎవరిది?"

"మన టైపిస్టుదమ్మా. అప్పట్లో ఇక్కడున్న ఆడమనిషి ఆవిడొక్కతే. వంటింటి సామానుకి మగాళ్ల చేతులు కొలుస్తారేంటని నిలదీసింది. అయితే నీదే పెట్టమని పెద్దసారు నవ్వాడు. ప్లాస్టర్ పోసింది నేనే."

"తర్వాత?"

"నా ఒక్కదానిదే కొలిస్తే చాలదు, పదిమందివి కొలవండని రోజూ పోరేది. పోరగా పోరగా ఉద్యోగం ఊడబెరికారు."

డిజైనర్ తన చిటికెనవేలు చూసుకుంది. తిన్నగానే ఉంది.

"మరి ఆ వంకర?"

"చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగిందటమ్మా, పొద్దున గేటు దగ్గర చూపించి నవ్వింది కూడా, మీకు చెప్పే ఉంటుందనుకున్నాను."